కాంటా ఎక్కిన గోల్

యాభై దాటిన ప్రతి మగవాడూ రేపు పొద్దున్నే ఒక ఫిట్‌నెస్ గోల్ పెట్టుకోవాలని ఈ కాలమ్ ద్వారా డిమాండ్ చేస్తున్నాను. ఇంత సుఖమైన పని లోకంలో ఇంకోటి లేదు! కష్టమనీ, నోరు కట్టుకోవాలనీ భయపెట్టేవాళ్లంతా గోల్ పెట్టుకోనివాళ్లే. నేను పెట్టుకున్నాను. అనుభవం మీద చెబుతున్నాను, వినండి.

ముందు నా అర్హతలు చెప్పాలి. వరంగల్‌లో మాది బియ్యం, పప్పుల దుకాణం. కింద షాపు, పైన ఇల్లు. నా వయసు యాభై రెండు. గల్లా ముందు కూర్చుని కూర్చుని ముప్పై ఏళ్లలో నేను కూడా ఒక బస్తా ఆకారానికి వచ్చాను. దుకాణంలో సరుకు ఏదో, యజమాని ఎవరో కొత్త గిరాకీకి వెంటనే తెలిసేది కాదు.

మా అమ్మాయి సింధు మడికొండలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. మొన్న ఉగాదికి నా ఫోన్ లాక్కుని అందులో ఒక యాప్ వేసింది.

"డాడీ, నీకొక గోల్ లేదు. అందుకే బొజ్జ వచ్చింది" అంది.

నిజమే కదా! ఇన్నాళ్లూ బొజ్జకు కారణం మిర్చి బజ్జీలనుకున్నాను. అదే రోజు బస్తాలు తూచే కాంటా ఎక్కాను. ఎనభై నాలుగు కిలోలు. సరదాకి మా ఆవిడ సావిత్రిని కూడా ఎక్కించింది సింధు. అరవై రెండు. మా హమాలీ గట్టయ్య రెండు అంకెలనూ సుద్దముక్కతో గోడ మీద రాశాడు. దసరా నాటికి నేను పది కిలోలు తగ్గాలని యాప్ తీర్మానించింది. సావిత్రి గురించి యాప్ ఏమీ అనలేదు. ఆమెకు యాప్ లేదు.

"సేట్, గింత ఫికర్ ఎందుకు? రోజుకు ఇరవై బస్తాలు దించున్రి, అదే తగ్గుతది" అన్నాడు గట్టయ్య.

నలభై ఏళ్లుగా బస్తాలు ఎత్తుతున్న మనిషి. బొజ్జ లేదు కానీ గోల్ కూడా లేదు. అలాంటి జీవితం ఏం జీవితం?

గోల్ పెట్టుకున్న మర్నాటి నుంచే ఇంట్లో మర్యాద పెరిగింది. పొద్దున ఐదున్నరకు రాగి జావ సిద్ధం. ఆరింటికి కొత్త బూట్లు వేసుకుని సుబేదారి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కు బయలుదేరేవాణ్ణి. రెండు రౌండ్లు నడవడం, తర్వాత నాలాంటి గోల్స్ ఉన్న పెద్దమనుషులతో గట్టు మీద కూర్చుని గోల్స్ గురించి మాట్లాడుకోవడం. ఇంటికి వచ్చేసరికి మొలకలు, కీర ముక్కలు, ఉడికించిన పల్లీలు. మధ్యాహ్నం కొర్రన్నం. రాత్రికి జొన్న రొట్టె. సింధుకు మాత్రం మామూలు అన్నమే కావాలి కాబట్టి అది వేరే వండేవారు.

ఎవరు వండేవారు, జావ కోసం ఎన్నింటికి లేచేవారు అనే ప్రశ్నలు యాప్‌లో ఎక్కడా లేవు. లేని ప్రశ్నలకు నేనెందుకు జవాబు వెతకాలి?

మొదటి వారంలోనే సావిత్రి ఒక మాట అడిగింది.

"నేను గూడ రానా గ్రౌండ్‌కు? మోకాళ్లకు మంచిదని దవాఖానల డాక్టరమ్మ రోజూ నడువుమన్నది. జర బరువు గూడ తగ్గుమన్నది."

"మోకాళ్ల నొప్పులు పెట్టుకుని నువ్వెందుకు? ఇంట్ల నిమ్మళంగ ఉండు" అన్నాను. మోకాళ్లు నొస్తున్న మనిషిని గ్రౌండ్ చుట్టూ తిప్పేంత కఠినాత్ముణ్ణి కాను. ఆమె జొన్నపిండి కలుపుకుంది.

ఇక అసలు రహస్యానికి వస్తాను. యాప్ చెప్పిన సూత్రం ఒక్కటే: పళ్లెంలో ఉన్నదాంట్లో సగమే తినాలి. ఇంత తేలికైన సూత్రం ఎప్పుడైనా విన్నారా? సావిత్రి వడ్డించేది, నేను సగం తిని లేచేవాణ్ణి. జావ సగం, కొర్రన్నం సగం. ఆదివారం సర్వపిండి రొట్టె చేస్తే అందులో కూడా గీత గీసినట్టు సరిగ్గా సగం. లేచిన ప్రతిసారీ నా మీద నాకే గౌరవం పెరిగేది. మిగిలిన సగం ఏమైందని వెనక్కి తిరిగి చూడలేదు. ముందుకే చూడమని కదా గోల్స్ గురించి చెప్పేవాళ్లంతా చెప్పేది!

నాలుగు నెలలకు డెబ్బై ఎనిమిదికి దిగాను. ఆరు కిలోలు! యాప్‌లో పువ్వులు రాలాయి. పాతికేళ్ల నాటి సఫారీ పట్టింది. బియ్యం కొనడానికి వచ్చినవాళ్లకు బియ్యం ఎందుకు తినకూడదో అరగంట చెప్పి పంపించేవాణ్ణి. గిరాకీ కొంత తగ్గింది కానీ, జనం ఆరోగ్యం ముఖ్యం కదా?

ఆ ఆదివారం నా మొలకల డబ్బా పట్టుకుని సావిత్రి పైనుంచి దిగింది. గోడ పట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆగుతూ దిగింది. సింధు అక్కడే ఉంది.

"అమ్మా, నువ్వొకసారి కాంటా ఎక్కు."

"నాకెందుకే?"

"ఎక్కమ్మా, చూద్దాం."

ఎక్కింది. అరవై ఎనిమిది.

గట్టయ్య సుద్దముక్క అందుకుని పాత అంకెల కింద కొత్త అంకెలు రాశాడు. రెండు వరసలూ చూశాడు. నలభై ఏళ్లు కాంటా పక్కన నిలబడ్డవాడు, అతనికి కూడిక చెయ్యడానికి కాగితం అక్కర్లేదు.

"సేట్, అప్పుడు ఇద్దరిదీ కలిపి నూట నలభై ఆరు. ఇప్పుడూ నూట నలభై ఆరే" అన్నాడు. "మాలు బయటికి పోలే. గోదాం మారింది, గంతే."

సింధు వాళ్లమ్మ వైపు తిరిగింది. సావిత్రి తప్పు చేసినదానిలా కాంటా దిగి కొంగు సర్దుకుంది.

"మీ డాడీ సగం తిని లేస్తడు. పారబొయ్యనీకి చేతులు వస్తయా? పొద్దటి జావ సగం, కొర్రన్నం సగం, దాని మీద నువ్వు మిగిల్చిన అన్నం. గిన్నె ఖాళీ అయితెనే గద నాకు పని ఒడిసేది."

నాకు సిగ్గేసింది. ఇది వ్యంగ్యం కాదు, నిజంగానే వేసింది. రోజుకు వంద బస్తాలు తూచేవాణ్ణి, నా పళ్లెంలోంచి పోయింది ఎక్కడికి చేరుతోందో నాలుగు నెలలు చూడలేదు. నాలుగు నెలలేమిటి, పెళ్లయిన ఇరవై ఎనిమిదేళ్లలో ఆమె నా మిగులు ఎంత తిన్నదో ఏ కాంటా మీదా తూచలేను.

అక్కడితో ఆగితే బాగుండేది. మర్నాడు సావిత్రి నా జీవితాన్ని తలకిందులు చేసే వాక్యం ఒకటి పలికింది.

"ఇయ్యాల్టి సంది నాక్కూడ గోల్ ఉన్నది. ఆరింటికి నేను గ్రౌండ్‌కు పోత. మీ పెసలు మీరే నానబెట్టుకోన్రి. మిగిలింది నేను ముట్ట."

కాబట్టి పాఠకులారా, పైన చేసిన డిమాండ్‌ను కొంచెం సవరించుకుంటున్నాను. గోల్ మహా ప్రమాదకరమైన వస్తువు. ఇంట్లో ఒక్కరికి ఉంటే సుఖం, ఇద్దరికీ ఉంటే పెసలు ఎవరు నానబెడతారు? నేను నానబెట్టినవి మూడో రోజుకు వాసన వచ్చాయి. జావ అడుగంటింది. ఆ గిన్నె తోమడానికి పట్టిన టైమ్‌లో గ్రౌండ్ చుట్టూ ఆరు రౌండ్లు నడవొచ్చు. దాన్ని వ్యాయామంగా యాప్ ఒప్పుకోలేదు. చపాతీ కర్రతో కుస్తీ పట్టినా ఒప్పుకోలేదు. ఇరవై ఎనిమిదేళ్లుగా మా ఇంట్లో ఎంత వ్యాయామం ఏ లెక్కలోకీ రాకుండా జరిగిపోయిందో అప్పుడు అర్థమైంది.

నెల తిరిగింది. మొన్న ఆదివారం ఇద్దరం కాంటా ఎక్కాం. ఆమె అరవై ఆరు. నేను ఎనభై. గట్టయ్య సుద్దముక్క తీశాడు.

"కూడకు గట్టయ్యా, అంతే ఉంటుంది" అన్నాను.

సావిత్రి నవ్వుకుంటూ మెట్లెక్కింది. మధ్యలో ఒక్కసారి ఆగింది, కానీ గోడ పట్టుకోలేదు. పైకి చేరాక వంటింటి కిటికీలోంచి అడిగింది.

"సర్వపిండి సగం మిగిలింది. పారబొయ్యాల్నా?"

నేను సఫారీ గుండీ విప్పుకుని పైకి వెళ్లాను. మీరే చెప్పండి, పారబోయడానికి చేతులు వస్తాయా?