పాలు పొంగే లెక్క

ఆదివారం పొద్దున్న ఎనిమిదింబావులోగా, గోపన్‌పల్లిలో పదకొండో అంతస్తులో ఉన్న తన కొత్త ఫ్లాట్‌లో బుల్లిబాబు పాలు పొంగించాలి. ఆ తర్వాత ముహూర్తం దాటిపోతుంది. గృహప్రవేశానికి పాలు పొంగించడం బ్రహ్మవిద్యేమీ కాదు. గిన్నె స్టౌ మీద పెట్టి పక్కన నిలబడితే పాలే పొంగుతాయి. కానీ హైటెక్ సిటీలో బుల్లిబాబు ఉద్యోగమే వేడికి కాపలా కాయడం. గదుల నిండా పేర్చిన సర్వర్లు ఎంత వేడెక్కుతున్నాయో కనిపెట్టి, వాటిని చల్లబరిచే సాఫ్ట్‌వేర్ రాస్తాడు. అంతటివాడు సొంత ఇంట్లో పాలను వాటి ఇష్టానికి వదిలేస్తాడా?

వారం రోజులు కూర్చుని లెక్కలు వేశాడు. పాలెన్ని, ఫ్రిజ్‌లోంచి తీసినప్పుడు ఎంత చల్లగా ఉంటాయి, ఇండక్షన్ స్టౌ ఎన్ని వాట్లు, పాలు మరగడానికి ఎంత వేడి కావాలి, అంత వేడి ఇవ్వడానికి ఎంతసేపు పడుతుంది. అంతా తేల్చి, పంతులుగారు మంత్రం ముగించేసరికి పాలు అంచు దాటేలా కుదిర్చాడు. ఆ లెక్కను బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఎవరూ చదవకుండానే బొటనవేళ్లు చూపించారు. బుల్లిబాబు వాటిని చప్పట్ల కింద జమకట్టుకున్నాడు.

రెండు రోజుల ముందు తణుకు నుంచి అత్తగారు వీరలక్ష్మి కారులో దిగింది. వెంట రెండు వస్తువులు తెచ్చుకుంది. ఒకటి వాళ్లమ్మ నాటి ఇత్తడి గిన్నె. ఆ కుటుంబంలో ఎవరు ఏ ఇంట్లో అడుగుపెట్టినా పాలు అందులోనే పొంగాయి. రెండోది చిన్న సిలిండర్‌తో ఉన్న ఒంటి పొయ్యి స్టౌ. గ్యాస్ పైపు ఇంకా రాలేదనీ, ఈ టవర్‌లోకి సిలిండర్లు రానివ్వరనీ చెప్పి, బుల్లిబాబు ఆ స్టౌను అప్పటికప్పుడే కూకట్‌పల్లిలో ఉన్న ఆవిడ తమ్ముడి ఇంటికి పంపించేశాడు. ఆవిడ ముఖం కాస్త చిన్నబోయింది. పాలు పొంగించే బాధ్యత పూర్తిగా తనదని అతను గుండె మీద చెయ్యేసుకుని చెప్పాడు.

"మీరింత చెప్పాక నాకింకేం బెంగండి అల్లుడుగారూ," అని ఆవిడ ఆ సాయంత్రమంతా కూర్చుని చింతపండుతో గిన్నె తోమింది. తోమి తోమి, అందులో ముఖం చూసుకుని బొట్టు పెట్టుకునేంత తళతళలాడించింది.

ఆదివారం వచ్చింది. బంధువులు వంటింటి గుమ్మంలో మూగారు. బుల్లిబాబు తన మేనేజర్ వినయ్‌ని ప్రత్యేకంగా పిలిచాడు. లెక్క ప్రకారం పాలు పొంగడం కళ్లారా చూస్తే సోమవారం ఆఫీసులో పది మందికి చెబుతాడని ఆశ. భార్య జయంతి పసుపు కుంకుమలు అద్దిన గిన్నెను స్టౌ మీద పెట్టింది. బుల్లిబాబు మీట నొక్కాడు. స్టౌ కీచుమని మూడుసార్లు అరిచి ఆరిపోయింది. మళ్లీ నొక్కాడు, మళ్లీ అరిచింది.

ఇండక్షన్ స్టౌ మీద ఇత్తడి పనికిరాదు. ఇనుము లాంటిది, అయస్కాంతం అంటుకునేది అడుగున ఉంటేనే అది వేడెక్కిస్తుంది. ఈ సంగతి అతనికి తెలియక కాదు, వారం రోజుల లెక్కల్లో గిన్నె దేనితో చేసిందో రాసుకోవడం మర్చిపోయాడు. చెవులు వేడెక్కాయి. స్టీలు గిన్నెలో పోసేద్దామని జయంతి నెమ్మదిగా అంది. వీరలక్ష్మి గిన్నె అంచును పమిట చెంగుతో తుడిచింది. ఆవిడ నోరు తెరిచి నాలుగు మాటలని ఉంటే బుల్లిబాబుకు ఎంతో తేలికగా ఉండేది.

ఎదురు ఫ్లాట్‌లో గోవిందప్ప ఉంటాడు. అనంతపురంలో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన పెద్దమనిషి. బుల్లిబాబు పరుగెత్తుకెళ్లి ఆయన్నడిగి ఇనప దోసెల పెనం తెచ్చాడు. స్టౌ మీద పెనం, పెనం మీద గిన్నె. ఈసారి స్టౌ అరవలేదు. ఇప్పుడు వేడి పెనంలోంచి ఇత్తడిలోకి, ఇత్తడిలోంచి పాలలోకి వెళ్లాలి గనక పాత లెక్క చెల్లదు. అయినా అతను జంకలేదు. జేబులోంచి థర్మామీటర్ గన్ తీశాడు. వస్తువును తాకకుండానే, గురిపెట్టి మీట నొక్కితే ఉష్ణోగ్రత చూపిస్తుంది. అంకెలో తేడా రాకూడదని పసుపు బొట్లను జాగ్రత్తగా తప్పించి, బాగా మెరిసే చోట గురిపెట్టాడు. ముప్పై ఒకటి.

కాసేపాగి మళ్లీ చూశాడు. ముప్పై రెండు. స్టౌను పూర్తి వేడికి పెంచాడు. ముప్పై ఒకటి.

ఊరికే నిలబడితే బాగుండదని అతను బంధువులకు పాఠం మొదలుపెట్టాడు. వేడి వేరు, ఉష్ణోగ్రత వేరు. వేడి అంటే ఒకచోటి నుంచి మరోచోటికి పోయే శక్తి, ఉష్ణోగ్రత అంటే ఒక వస్తువు ఎంత కాగిందో చెప్పే అంకె. చెంబుడు నీళ్లూ బిందెడు నీళ్లూ ఒకే ఉష్ణోగ్రతలో ఉండొచ్చు, కానీ బిందె కాగడానికి ఎన్నో రెట్లు వేడి తాగుతుంది. అందరూ తలలూపారు. ఇంతసేపూ స్టౌ ఇచ్చిన వేడి ఎటు పోయిందని జయంతి మేనమామ ఒక్కడు అడిగాడు. బుల్లిబాబు వినిపించనట్టు గన్ తుడుచుకున్నాడు.

"ఆవిరొస్తోందండి అల్లుడుగారూ," అంది వీరలక్ష్మి.

"ఆవిరిని నమ్మకూడదు అత్తయ్యగారూ, అంకెను నమ్మాలి," అన్నాడు బుల్లిబాబు. పాల వైపు చూడనైనా లేదు.

పంతులుగారు గడియారం చూసుకున్నారు. ముహూర్తం కొసకొచ్చింది. పదిమందిలో మాటిచ్చి, ఆవిడ స్టౌను పంపించేసి, ఇప్పుడు చల్లని పాలతో చేతులు కట్టుకుని నిలబడాలా? బుల్లిబాబు మళ్లీ ఎదురింటికి జారుకున్నాడు. కాఫీకి తక్కువయ్యాయని అబద్ధమాడి, గోవిందప్ప పొయ్యి మీద సలసల కాగుతున్న పాలను స్టీలు క్యాన్‌లో పోయించుకున్నాడు. హారతి కోసం అందరూ దేవుడి పటం వైపు తిరిగి కళ్లు మూసుకున్నప్పుడు, క్యాన్ మొత్తం ఇత్తడి గిన్నెలోకి వంచేశాడు. సొంత వంటింట్లో దొంగలా వంగుని నిలబడినందుకు అతనికే సిగ్గేసింది.

ఆ సిగ్గు తీరిగ్గా పడడానికి వ్యవధి దొరకలేదు. గిన్నె ఒక్కసారిగా బుస్సుమంది. పాలు నలువైపులా పొంగి కాలిన పెనం మీద పడ్డాయి, అక్కణ్ణించి స్టౌ మీదికి, గట్టు మీదికి, ప్లగ్గులోకి. టప్పుమని కరెంటు పోయింది. మాడిన పాల పొగ వంటింటి కప్పుకు అంటి, అక్కడున్న పొగను పసిగట్టే యంత్రాన్ని నిద్రలేపింది. టవర్ మొత్తం సైరన్ మోగింది, లిఫ్టులు ఆగిపోయాయి. పదకొండో అంతస్తులో అగ్నిప్రమాదమనీ, అందరూ మెట్ల మీదుగా దిగాలనీ ఒక ఆడగొంతు మైకులో ఎంతో మర్యాదగా చెప్పింది.

టవర్ టవరంతా దిగింది. నైటీల్లో, లుంగీల్లో, ముఖాన సబ్బు నురగతో, చంకలో ల్యాప్‌టాప్‌తో దిగింది. పంతులుగారు ఆరిన హారతి పళ్లెంతో దిగారు. మోకాళ్ల నొప్పులతో వీరలక్ష్మి, తువ్వాల్లో చుట్టిన వేడి గిన్నెను ఎవరికీ ఇవ్వకుండా పదకొండు అంతస్తులూ దిగింది. ఆవిడ ఒక్కో మెట్టూ రెయిలింగ్ పట్టుకుని దిగుతుంటే, వెనక నడుస్తున్న బుల్లిబాబుకు భూమి చీలితే బాగుండుననిపించింది. మెట్ల మీద భూమి కూడా అందుబాటులో లేదు.

కింద పార్కులో జనమంతా గుమిగూడాక సెక్యూరిటీ అతను పైకెళ్లి చూసి, ఆయాసపడుతూ వచ్చాడు. "ఫికర్ చెయ్యకుండ్రి, నిప్పేం లేదు. పాలు పొంగినయ్, గంతే. గీ సార్ ఇల్లే," అని వేలెత్తి చూపించాడు. అంతమంది ఒకేసారి తనవైపు చూడడం బుల్లిబాబుకు పెళ్లి తర్వాత ఇదే మొదలు.

అప్పుడు వినయ్ వచ్చి గన్ అడిగి తీసుకున్నాడు. అత్తగారి ఒళ్లో ఉన్న గిన్నె మీద మెరిసే చోట గురిపెట్టాడు. ఇరవై తొమ్మిది. పక్కనే పసుపు బొట్టు మీద పెట్టాడు. డెబ్భై రెండు.

"మెరిసే ఇత్తడి అద్దం లాంటిది బుల్లిబాబు గారూ. ఇంతసేపూ మీరు కొలిచింది మీ వంటింటి సీలింగ్‌ని," అన్నాడు వినయ్. "అప్పటికే పాలు మరగడానికి వచ్చుంటాయి. ఊరికే నిలబడినా పొంగేవి."

బుల్లిబాబు తలొంచుకున్నాడు. ఊరికే నిలబడినా పొంగేవి. ఆ మాట బుర్రలో ఇంకా తిరుగుతుండగానే, గుంపును తోసుకుంటూ గోవిందప్ప వచ్చాడు.

"ఏం నాయనా, మా క్యాన్ నీ చేతిలోనే ఉండాదే. కాఫీకని పోయించుకుంటివి, కాఫీ యాడ?"

క్యాన్ తన చేతిలోనే ఉందని బుల్లిబాబు అప్పుడే చూసుకున్నాడు. పదకొండు అంతస్తులూ దాన్ని మోసుకుంటూ దిగాడు. ఇక దాచడానికి ఏమీ లేదు. అత్తగారి ముందు కూర్చుని, అందరూ వింటుండగా, ఆ పాలు కాఫీకి కాదనీ, హారతి వేళ గిన్నెలో దొంగతనంగా పోశాననీ చెప్పేశాడు. మీ అమ్మగారి గిన్నెలో ఎదురింటివాళ్ల పాలు పొంగించాను, నన్ను క్షమించండి అన్నాడు.

వీరలక్ష్మి ముందు పంతులుగారి వైపు చూసింది. పొంగింది ముహూర్తంలోనేనని ఆయన ఒప్పుకున్నారు. తన సర్వీసులో అంత పొంగు చూడలేదని కూడా అన్నారు. ఆవిడ గిన్నె ఒళ్లో సర్దుకుంది.

"పాలెవరివైతే ఏంటండి, పొంగాయి కదా. తక్కువైతే నాతో ఒక్క మాటనాల్సింది అల్లుడుగారూ. ఎదురింటికెళ్లి నేనే అడిగి తెచ్చేదాన్ని," అంది. తర్వాత గోవిందప్ప వైపు తిరిగి, సగం పాలు మీవే గనక పొంగలి మొదట మీకే పెడతానంది.

ఆవిడ కోప్పడలేదు. బుల్లిబాబుకు మాత్రం ఏడుపొచ్చినంత పనైంది. వారం రోజుల లెక్కల్లో ఆవిణ్ణి ఒక్కసారీ ఏమీ అడగలేదని అతనికి గుర్తొచ్చింది.

ఆ తర్వాత ఆ టవర్‌లో గృహప్రవేశాలు చాలానే జరిగాయి. ప్రతి ఇంటివాళ్లూ బుల్లిబాబును మర్యాదగా పిలిచి, కింద పార్కులో కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఆ తర్వాతే స్టౌ వెలిగిస్తారు.