ఇన్‌కన్వీనియన్స్ ఈజ్ రిగ్రెటెడ్

ఇక మీదట తమ శాఖ నుంచి ఒక్క తప్పుడు ఇంగ్లీషు వాక్యం కూడా బయటికి పోరాదని వీధి వికాస శాఖ మంత్రి సదాశివరావు గారు ఢిల్లీలో ప్రకటించారు. ఆయన ఆఫీసులో ఉత్తరాలు రాసే ఉద్యోగం నాది కనుక చప్పట్లు నేనే మొదలుపెట్టాను.

మర్నాడే అవకాశం వచ్చింది. నెల కిందట బేర్ సరాయ్‌లో మా శాఖ తవ్వి వదిలేసిన గుంతలో సివిల్స్ చదివే అనూహ్య అనే అమ్మాయి పడింది. కాలు విరిగింది, మెయిన్స్ పరీక్ష పోయింది. ఇప్పుడు ఊతకర్రతో వచ్చి మంత్రిగారి ముందు నిలబడింది.

"అది నా ఆఖరి అటెంప్ట్ సార్. నాకింకేమీ వద్దు. తప్పు మీదేనని ఒక్క లైను రాసివ్వండి చాలు."

మంత్రిగారు కరిగిపోయారు. "రాసివ్వవయ్యా," అన్నారు నాతో.

'ఐ రిగ్రెట్ ది ఇన్‌కన్వీనియన్స్' అని రాశాను. మంత్రిగారి ప్రైవేట్ సెక్రటరీ (పి.ఎస్.) రాధాకృష్ణమూర్తి గారు కాగితం చూసి ఉలిక్కిపడ్డారు.

"ఈ 'ఐ' ఎవరు?"

"మంత్రిగారండి."

"గుంత ఆయన తవ్వారా?"

"లేదండి."

"మరి ఆయనెందుకు రిగ్రెట్ అవుతారు? 'ఇన్‌కన్వీనియన్స్ ఈజ్ రిగ్రెటెడ్' అని రాయి. గ్రామరూ కరెక్టు, మనిషీ ఉండడు."

"కాలు విరిగితే ఇన్‌కన్వీనియన్స్ అంటారా సార్?" అంది అనూహ్య.

"రెండూ విరిగితే 'గ్రేట్ ఇన్‌కన్వీనియన్స్' అంటారమ్మా," అని మంత్రిగారు ఆప్యాయంగా వివరించారు.

ఆ అమ్మాయి కాగితం బల్లమీదే వదిలేసి వెళ్లిపోయింది. మూడంతస్తులు దిగడానికి చాలాసేపు పట్టింది. లిఫ్టు మంత్రిగారి కోసం ఆపి ఉంచారు.

ఆ వాక్యం మాత్రం మంత్రిగారి మనసులో నిలిచిపోయింది. ఒక్క తప్పూ లేని ఇంగ్లీషు ప్రతి గుంత దగ్గరా ఉండాలని ఐదు వందల పసుపు బోర్డులు చేయించారు. అవి వచ్చిన రోజు సమీక్షా సమావేశం పెట్టారు.

"మనకు గుంతలెన్ని?"

"నలభై మూడు సార్," అన్నారు పి.ఎస్.

మంత్రిగారు కళ్లు మూసుకున్నారు. "మిగతా బోర్డులు గోడౌన్‌లో కుళ్లితే ప్రజలు మనల్ని క్షమించరయ్యా."

మర్నాడు పొద్దున సాకేత్‌లో నేనుండే వీధికి, గతుకన్నది లేని రోడ్డు మీద, జేసీబీ వచ్చి ఆగింది.

"యహాఁ క్యా కామ్ హై, భయ్యా?" అని, ఇక్కడేం పనో అడిగాను డ్రైవర్ని.

"బోర్డ్ లగానా హై, సాబ్," అంటూ బోర్డు పెట్టాలని చెప్పాడతను, ఇంజిన్ ఆపకుండానే.