లావు తీగకు న్యాయం

“సంగీతంలో తరతరాలుగా సాగుతున్న అన్యాయం నేటితో అంతం!” అని సాంస్కృతిక మంత్రిగారు ప్రకటించగానే హాలు చప్పట్లతో మారుమోగిపోయింది. ఆ అన్యాయమేమిటో, అందరికంటే ముందు చప్పట్లు మొదలుపెట్టిన మరమ్మతుల ఆఫీసరుక్కూడా తెలియదు.

గిటార్ పాటల్ని, తీగకో గీత చొప్పున ఆరు గీతల మీద అంకెలుగా రాసి చూపించే ప్రభుత్వ సాఫ్ట్‌వేర్‌కి ఆయనే దిక్కు. గిటార్‌తో ఆయన అనుబంధమంతా, దాన్ని బడిలో నేర్పే భార్య వెనకాల పెట్టె మోసుకుంటూ మూడంతస్తులు ఎక్కడమే.

సభ అయ్యాక మంత్రిగారు ఆయన్ని గదిలోకి పిలిచి, కంప్యూటర్ తెర మీద వేలు పెట్టారు.

“ఏమయ్యా, గిటార్ ఒళ్ళో పెట్టుకుంటే లావు తీగ పైనుంటుంది కదా? ఇక్కడ అట్టడుక్కి తోశారేం?”

“అందరూ అలాగే రాస్తారండీ...”

“పెద్దవాళ్ళని కిందకి తొయ్యడం మన ప్రభుత్వ విధానమా?”

“కాదండీ.”

వెన్నెముక అంత తేలిగ్గా వంగుతుందని ఆయనకి అప్పటిదాకా తెలియదు.

వారం తిరక్కుండా అప్‌డేట్ వచ్చింది. గీతలు తలకిందులయ్యాయి. వాటి మీది అంకెలు మాత్రం ససేమిరా కదలమన్నాయి. దాంతో జోలపాట వాయించినా ఇనప బీరువా ఈడ్చినట్టు వినిపించసాగింది.

సహాయ కేంద్రానికి వచ్చిన మొదటి ఫోన్ ఆయనే ఎత్తారు.

“ఏవండీ, నేను. ఎల్లుండే బడిలో కచేరీ. పాటలన్నీ నాశనమయ్యాయి.”

“నమస్కారమమ్మా. ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చేశారా?”

“ఎవర్ని, మిమ్మల్నా?”

“కాల్ రికార్డవుతోందమ్మా.”

“అవనివ్వండి. పాత వెర్షన్ ఇప్పించండి.”

“అది అన్యాయం కింద రద్దయిందమ్మా.”

ఫోన్ పెట్టేశాక ఆయనకి సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే రెండో అప్‌డేట్‌కి నోట్ రాశారు: ‘అపస్వరము వినిపించినచో దానిని కొత్త బాణీగా పరిగణించవలెను.’ ఆ దెబ్బతో ఫిర్యాదులన్నీ ప్రశంసల ఫైల్లోకి వెళ్ళిపోయాయి. మంత్రిగారు మురిసిపోయి, ఆ బడి కచేరీకి స్వయంగా వస్తాననీ, అక్కడే ఆఫీసరు మెడలో పతకం వేస్తాననీ సెలవిచ్చారు.

కచేరీ నాడు ఆఫీసరు ముందు వరసలో గట్టిగా కళ్ళు మూసుకుని కూర్చున్నారు. బీరువా కదులుతుందనుకుంటే పాట సెలయేరులా సాగింది. వెనక ఎవరో ముక్కు చీదుకున్నారు కూడా.

“చూశావుటయ్యా! లావు తీగని గౌరవిస్తే ఎలా పలికిందో!” అన్నారు మంత్రిగారు, కళ్ళు తుడుచుకుంటూ.

ఆఫీసరు కళ్ళు తెరిచారు. పిల్లలెవరూ పాటలు చూపించే తెర వంక చూడటం లేదు. భార్య చేత్తో తాళం వేస్తోంది. పక్కనే, ఆ గోడంత తెర మీద పెద్ద పెద్ద అక్షరాలు: ‘అప్‌డేట్ జరుగుతోంది. పదకొండు శాతం. దయచేసి వేచి ఉండండి.’

మెడలో పతకం పడింది. రెండు మాటలు చెప్పమన్నారు. ఆఫీసరు, భార్య మొహం చూడకుండా మైకు అందుకుని, మంత్రిగారి దూరదృష్టి గురించి పావుగంట మాట్లాడారు. ఎక్కడా తడబడలేదు.

ఆయన ముగించేసరికి తెర మీద పన్నెండు శాతమైంది.