మూడూళ్ల సమాఖ్య ఏకగ్రీవ తీర్మానం

ప్రపంచ వ్యవహారాలలో ఆసక్తి గలవారికి తెలియజేయడమేమనగా, 1957వ సంవత్సరం ఆగస్టు నెలలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల అనే మూడు ఊళ్లు కలిసి ఒక సమాఖ్యగా ఏర్పడ్డాయి. ఆనాటి నుంచి అమెరికా, రష్యాల పక్కన మూడవ మహాశక్తి ఒకటి పుట్టినట్లయింది. ఈ సంగతి మొదటి రెండింటికీ చెరొక కార్డు రాసి తెలియపరిచారు. జవాబు రాలేదు. ఇంతటి వార్త విన్నవారు కొంతకాలం తేరుకోలేకపోవడం సహజమే గనుక సమాఖ్య వారు దానిని తప్పు పట్టలేదు.

ఇందుకు మూలం ఒక పాత పత్రిక. యూరపులో ఆరు దేశాలు ఒడంబడిక రాసుకున్నాయనీ, తమ మధ్య ఉన్న సుంకాల గేట్లను పన్నెండేళ్లలో విడతలవారీగా ఎత్తివేస్తాయనీ, అలా ఒకటైపోయి పెద్ద దేశాల సరసన కూర్చుంటాయనీ అందులో పడింది. మిషను బడిలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరైన ఆనందయ్య దానిని చదివాడు. ప్రొద్దుటూరులో శనక్కాయల మిల్లు యజమాని పుల్లయ్యశెట్టి కళ్లు మూసుకుని విన్నాడు. విని కళ్లు తెరిచాడు.

"ఆ ఆరు దేశాలోళ్లకు ఏముండాదప్పా మనకు లేంది? ప్రొద్దుటూరులో బంగారుండాది. జమ్మలమడుగులో నాపరాయుండాది. పులివెందులలో..." అని కొంచెంసేపు ఆలోచించి, "పులివెందులలో పులివెందులోళ్లుండారు. ఇంగేం కావల్ల?" అన్నాడు.

ఇంకేమీ అక్కర్లేదని ఆనందయ్య కూడా ఒప్పుకున్నాడు. జమ్మలమడుగు నుంచి పత్తి వ్యాపారి నరసన్నకూ, పులివెందుల నుంచి భూస్వామి ఓబుళరెడ్డికీ కబురు వెళ్లింది. రాతపని ఆనందయ్యది, ప్రతినిధులు మిగిలిన ముగ్గురు. వారిలో ఎవరూ బల్లకు తలవైపు కూర్చున్నట్లు ఉండకూడదని మూడు మూలల బల్ల ఒకటి చేయించారు. అది మిల్లు గది తలుపులో పట్టలేదు. అందువల్ల సమాఖ్య సమావేశాలన్నీ మిల్లు ముందర, శనక్కాయల పొట్టు ఎగిరి పడే చోట జరిగేవి.

మొదటి సమావేశంలోనే చిక్కు వచ్చింది. "మొదటి అంశం, గేట్ల ఎత్తివేత" అని ఆనందయ్య చదివాడు.

"ఏ గేట్లు?" అన్నాడు నరసన్న.

మూడు ఊళ్ల మధ్య గేట్లు లేవు. బండ్లూ బస్సులూ ఎప్పటి నుంచో ఇటువి అటూ అటువి ఇటూ అడ్డు లేకుండా తిరుగుతున్నాయి. ఎవరూ పట్టించుకోకపోవడం వల్ల ఈ లోపం అంతవరకు బయటపడలేదు.

"యూరపోళ్లు గేట్లు ఎత్తేస్తాండారు. మనమేం ఎత్తేసేది?" అన్నాడు ఓబుళరెడ్డి. "ఉత్త చేతులూపుకుంటా పోయి త్యాగం చేసినామంటే నలుగురూ నగరా?"

ఆ మాటలోని సత్యం అందరికీ తోచింది. ముందు గేట్లు పెట్టాలి, తరువాత వాటిని ఎత్తివేయాలి అని తీర్మానించారు. పక్క ఊరి గేటు కంటే మన గేటు చిన్నదైతే మన త్యాగం చిన్నదైపోతుంది గనుక, ఎవరికి వారు పెద్ద గేటే కట్టారు. ప్రొద్దుటూరు వారు తమ కట్టెకు బంగారు రంగు పూశారు. జమ్మలమడుగు వారు నాపరాతి స్తంభాలు నిలబెట్టారు. పులివెందుల వారు ఒక పెద్దింటి పాత దూలాన్ని తెచ్చి, మిగతా రెండూళ్లకూ పోయే ముద్దనూరు రోడ్డుకు అడ్డంగా వేశారు. దానిని ఎత్తడానికి నలుగురు కావలసి వచ్చేది. త్యాగం విషయంలో పులివెందుల వెనుకబడిందని ఇక ఎవరూ అనడానికి లేదు.

పులివెందులకు ఇంకోవైపు ఉన్న వేంపల్లె రోడ్డుకు మాత్రం గేటు లేదు. వేంపల్లె సమాఖ్యలో చేరలేదు. దానితో మనకు ఏకీకరణ లేదు. ఏకీకరణ లేని చోట గేటు ఎందుకని ఆనందయ్య వివరించాడు.

నియమాలు లేని గేటు వట్టి కట్టె గనుక ఆనందయ్య ముప్పైనాలుగు నియమాలు రాశాడు. అన్నిటిలోకి ముఖ్యమైనది పుట్టుక పత్రం. గేటు దాటి లోపలికి వచ్చే ప్రతి సరుకుకూ అది ఏ ఊళ్లో పుట్టిందో రాసిన పత్రం ఉండాలి. మూడు ఊళ్లలో ఎక్కడా పుట్టనిది విదేశీ సరుకు. దానికి ముగ్గురు ప్రతినిధుల సంతకాలు కావాలి. ముగ్గురూ కలిసేది నెలకొకసారి. సంతకాలు లేకుండా లోపలికి వచ్చిన సరుకును పగలగొట్టో తగలబెట్టో నాశనం చేయాలి.

ఇక గేట్లు ఎత్తివేసే శుభదినం ఒక్కటే మిగిలింది. ఎత్తడానికి ముగ్గురూ సిద్ధంగానే ఉన్నారు. ఎటొచ్చీ, ముందు ఎవరు ఎత్తాలి? ముందు ఎత్తినవాడు మిగిలిన ఇద్దరికీ తల వంచినట్లే కదా. ఒకే రోజు తొమ్మిది గంటలకు ముగ్గురూ ఎత్తాలని ఒప్పుకున్నారు. ఆ రోజు తొమ్మిదింటికి ప్రతి ఊరివారూ పక్క ఊరికి ఒక మనిషిని పంపి, వాళ్లు ఎత్తారో లేదో చూసి రమ్మన్నారు. వెళ్లినవాళ్లందరూ ఎత్తలేదనే వార్తే తెచ్చారు. ఆ నాటి నుంచి ప్రతి గేటు దగ్గరా మిగిలిన రెండూళ్ల మనుషులు పలకా బలపం పట్టుకుని కాపలా కూర్చున్నారు. పత్రమున్న సరుకుకో, బయటికి పోయే బండికో కట్టె లేపితే లెక్క లేదు గాని, పత్రం లేనిదానికి లేపితే ఆ ఊరే ముందు ఎత్తినట్లు రాసుకోవాలి.

అక్టోబరులో రష్యావారు ఆకాశంలోకి ఒక ఉపగ్రహాన్ని వదిలారు. "ఎందుకనుకుంటాండారు? మన గేట్లు పైనుంచి ఎట్ల అగపడతాయో సూసేదానికే" అని పుల్లయ్యశెట్టి సభలో ప్రకటించగా, చప్పట్లు చాలాసేపు మోగాయి. రాత్రులు గేట్లకు లాంతర్లు కట్టాలని అప్పటికప్పుడే నిర్ణయమైంది.

ఇటువంటి మహత్తర పరిణామాల మధ్య దిల్షాద్‌బీ అనే ఆమె గాజులు అమ్ముకుంటూ ఉండేది. ప్రొద్దుటూరు ఆమెది. భర్త నబీ రసూల్ ఒంటెద్దు బండి తోలితే, దారాలకు గుచ్చిన గాజుల మలారాలు ఒళ్లో పెట్టుకుని వారం వారం మూడు ఊళ్లూ తిరిగేది. గాజులమ్ముకునేవారికి ఒక కట్టుబాటు ఉంది. ఏ ఇంటికి ఎవరు తొడుగుతారో ఆ ఇల్లు వారిది. ఇంకొకరు ఆ గడప తొక్కరు. అయితే పెళ్లికో శ్రీమంతానికో ముహూర్తం వేళకు చేరలేకపోతే ఆ ఇల్లు చేయి జారుతుంది. వేరొకరు తొడిగిన పొద్దు నుంచి ఆ ఇల్లూ, దాన్ని చూసి నడుచుకునే వీధీ వాళ్లవే. పులివెందులలో దిల్షాద్‌బీకి అరవై ఇళ్లు. వాటికి పెద్ద ఓబుళరెడ్డి ఇల్లు.

నవంబరులో ఓబుళరెడ్డి కూతురు సరోజమ్మకు ఏడో నెల శ్రీమంతం వచ్చింది. ఆమెను జమ్మలమడుగులో ఇచ్చారు. కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ముహూర్తం పగలు పదిన్నరకు. దిల్షాద్‌బీ రెండు రోజుల ముందే బయలుదేరి, ఆ ఉదయం తొమ్మిదికల్లా పులివెందుల గేటు ముందు దిగింది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు గేట్ల కావలివాళ్లు గాజులు తమ ఊరి నుంచి వెళ్లిపోవడమే లాభమని చూసి వదిలారు. పులివెందుల కావలివాడు నతానియేలు నియమాలు కంఠతా పట్టినవాడు.

"పత్రముండాదా అక్కా?"

"గాజులకు పత్రమేంది నాయనా?"

"అవి యాడ పుట్టినాయి?"

"ఫిరోజాబాదులో."

నతానియేలు వేళ్ల మీద మూడు ఊళ్లూ లెక్కపెట్టుకున్నాడు. "అది మన మూడూళ్లలో రాలేదే. విదేశీ సరుకు. ముగ్గురి సంతకాలు కావల్ల. మీటింగు వచ్చే నెల."

"వచ్చే నెలకు ఆ బిడ్డకు ఎనిమిదో నెల పడతాది. నీ మీటింగు కోసరం కడుపులో బిడ్డను గమ్మునుండమని నువ్వొచ్చి చెప్తావా?"

నబీ రసూల్ చేను మీదుగా చుట్టి పోదామన్నాడు. గేటు రోడ్డుకే గాని చేనుకు లేదు. గొర్రెలు అలాగే పోతున్నాయి. గొర్రెలు నియమాలు చదవలేదు. దిల్షాద్‌బీ ఒప్పుకోలేదు. "ముప్పై ఏండ్లుగా దోవన వచ్చినా. శుభకార్యానికి దొంగమాదిరి చేన్లబడి పోయేదానికి నాకేం కర్మ? నువ్వు ఎద్దును ఇప్పు" అని గేటు పక్కన కూర్చుంది.

కబురంది ఓబుళరెడ్డి వచ్చాడు. గేటుకు అటువైపు ఆయన, ఇటువైపు ఆమె.

"రెడ్డీ, నీ ఇంటికే వస్తాండా. కట్టె ఎత్తించు."

ఓబుళరెడ్డి దూలాన్ని చూశాడు. తరువాత చింతచెట్టు నీడలో పలకలు పట్టుకుని కూర్చున్న ఇద్దరిని చూశాడు. వాళ్లు బలపాలకు పదును పెట్టుకుంటున్నారు. ఎత్తితే పులివెందుల ముందు ఎత్తిందని ఈ పొద్దే మూడూళ్లకూ తెలిసిపోతుంది.

"యట్ల ఎత్తేది గాజులమ్మా? ప్రపంచం సూస్తాండాది" అన్నాడాయన. గొంతు తగ్గించి, "వేంపల్లె గాజుల మున్నీ వచ్చి ఇంటికాడ కూచోనుండాది. ఈ ఒక్కసారికీ ఆ యమ్మతో తొడిగిస్తాం. నువ్వేం అనుకోవద్దు" అన్నాడు.

వేంపల్లె రోడ్డుకు గేటు లేదన్న సంగతి పాఠకులు మరిచిపోలేదనుకుంటాను. ఒక్కసారంటే ఎన్నిసార్లో దిల్షాద్‌బీకి తెలుసు. అరవై ఇళ్లు పోతే మిగిలేది బండీ, ఎద్దూ.

పదింబావుకు ఊరివైపు నుంచి ఆడవాళ్లు రావడం కనిపించింది. ముందు సరోజమ్మ, వెనుక తల్లి, పళ్లేలు పట్టుకుని జమ్మలమడుగు అత్తవారింటి నుంచి వచ్చిన ముత్తయిదువులు. మున్నీ కూడా చూడడానికి వచ్చింది.

"ఇంత ఎండలో యాడికి పోతాండావు తల్లీ?" అని తండ్రి అడ్డం వచ్చాడు.

"గేటు మీది. ఎత్తొద్దండి. నా పెండ్లికి తొడిగిన చెయ్యి ఆ యవ్వది. ఇప్పుడూ ఆ యవ్వే తొడగల్ల" అని సరోజమ్మ నేల మీద చాప వేయించుకుని, దూలం కింది నుంచి రెండు చేతులూ అవతలికి చాచింది. "అవ్వా, బిన్నా కానీ. కాళ్లు తిమ్మిరెక్కుతాండాయి."

దిల్షాద్‌బీ ఆ చేతులను ఒళ్లోకి తీసుకుంది. వేళ్లు కలిపి నొక్కి, ఒక్కొక్క గాజే ఎక్కించింది. "ఒళ్లు వచ్చినావే తల్లీ. నొస్తే చెప్పు."

"గేటే నొప్పిచ్చలేదు. నీ గాజులు నొప్పిస్తాయా?"

ముత్తయిదువులు పగలబడి నవ్వారు. తరువాత వాళ్లూ వరుసగా చేతులు చాచారు. గేటు ఒక్క వేలెత్తు కూడా లేవలేదు. పలకల మీద ఏం రాయాలో తెలియక జమ్మలమడుగు మనిషి ఆకాశంలోకి చూశాడు. మున్నీ మలారం చంకన పెట్టుకుని, "నీ ఇల్లు నీదేలే అక్కా" అని వేంపల్లె దోవ పట్టింది.

ఈ సంఘటన సమాఖ్యను కుదిపింది. మరునాడే అత్యవసర సమావేశం. పొట్టు ఎగురుతూ ఉండగా నరసన్న లేచి, విదేశీ సరుకు సంతకాలు లేకుండా పులివెందులలోకి వచ్చిందనీ, నియమం ప్రకారం దానిని పగలగొట్టవలసిందేననీ అన్నాడు. అని నాలుక కరుచుకున్నాడు. నిండుచూలాలి చేతి గాజులు పగలగొట్టమని ఎవరు సంతకం చేస్తారు? పుల్లయ్యశెట్టి వద్దు వద్దని చెవులు మూసుకున్నాడు. నియమం కొట్టివేద్దామంటే, ముందు ఎవరు చెయ్యెత్తాలన్న ప్రశ్న వచ్చింది.

అప్పుడు ఆనందయ్య గొంతు సవరించుకున్నాడు. "గాజులు చేతికి తొడిగింది గేటుకు అవతల. చేయితోపాటు ఇవతలికి వచ్చాయి. కనుక తేలవలసింది గాజుల సంగతి కాదు. ఆ చేయి ఏ ఊరిదన్నదే ప్రశ్న. పులివెందులదైతే ఇది దిగుమతి. జమ్మలమడుగుదైతే, పొరుగూరి మనిషి తన ఒంటి మీది వస్తువుతో వచ్చి ఉన్నట్లే. అప్పుడు నేరమే లేదు."

నాలుగు నెలలుగా దేని మీదా కలవని మూడు ఊళ్లు టీ చల్లారే లోపల కలిశాయి. "ఆడబిడ్డను ఏ ఊరికిస్తే చేతులూ ఆ ఊరివే. దీంట్లో అడగాల్సిందేముండాది?" అంటూ అందరికంటే ముందు చెయ్యెత్తినవాడు ఓబుళరెడ్డే. ముందు ఎత్తినందుకు తల వంచినట్లవుతుందని ఆయనకు గాని, మిగిలినవారికి గాని తోచలేదు. పెళ్లితో స్త్రీ పుట్టిన ఊరు రద్దవుతుందని తీర్మానం రాసుకున్నారు. చేతులు గలామెను పిలిచి అడగవలసిన అవసరం కలగలేదు.

సాక్షిగా వేలిముద్ర వేయడానికి దిల్షాద్‌బీని పిలిపించారు. ఆమె తీర్మానం చదివించుకుని విన్నది.

"నేను పుట్టింది వేంపల్లెలో. అయితే నా చేతులు ఏ ఊరివప్పా?"

"నీ మొగుని ఊరివి."

"ఆయప్ప వారానికి ఐదు దినాలు బండి మీదనే ఉంటాడే."

అందరూ హాయిగా నవ్వారు. ఆమె వేలిముద్ర వేసి, గాజులు సర్దుకుని, తన అరవై ఇళ్లున్న ఊరివైపు వెళ్లిపోయింది.

సంక్రాంతి రాకముందే ప్రభుత్వ రోడ్డుకు అడ్డం కట్టారని ఇంజనీరు వచ్చి, మూడు గేట్లనూ ఒకే రోజు పీకించి పోయాడు. గేట్లు లేని సమాఖ్యకు ఎత్తివేయడానికి ఏమీ మిగలక అది దానంతట అదే ముగిసింది. దాని నియమాలూ, తీర్మానాలూ అన్నీ రద్దయ్యాయి.

ఆ ఏకగ్రీవ తీర్మానం మాత్రం రద్దు కాలేదు. దాని అమలుకు దూలం అక్కర్లేదు, కావలివాడు అక్కర్లేదు, సంతకాలూ అక్కర్లేదు. సమాఖ్య పుట్టకముందు నుంచీ అది అన్ని ఊళ్లలోనూ నడుస్తూనే ఉంది. పాఠకులు శ్రమ అనుకోకుంటే, ఈ పూట అన్నం వడ్డించే ఆమెను, "మీది ఏ ఊరు?" అని ఒకసారి అడిగి చూడవచ్చు. ఆమె గరిటె పట్టుకుని ఒక్క క్షణం ఆగితే, తీర్మానం మీ ఇంట్లోనూ సక్రమంగా అమలవుతున్నదని గ్రహించి, నిశ్చింతగా భోంచేయవచ్చు.