సారు గదిలో ఆడగొంతు

బయట గొళ్లెం పడిన చప్పుడు, దాని వెంటే తాళం పడిన చప్పుడు వినిపించేసరికి ప్రేమ్‌సాగర్ ఒక కాలికే చెప్పు వేసుకుని ఉన్నాడు.

"అవ్వా, తాళం ఎవరేసిన్రు?"

"నేనే ఏసిన," కిటికీ అవతల నుంచి ఇంటామె సుక్కమ్మ నిబ్బరంగా చెప్పింది. "లోపలున్న ఆమె ముందుగాల నా కంటికి కనపడాలె. అప్పుడు తీస్త."

"లోపల ఎవరున్నరు?"

"గదే నేను అడుగుతున్న."

హైదరాబాద్ బస్సు ఇంకాసేపట్లో మర్రిగూడ దాటిపోతుంది. అది తప్పితే ఏడేళ్ల చదువు గాలికి పోతుంది. హైస్కూల్లో సోషల్ పాఠాలు చెబుతూనే ప్రేమ్‌సాగర్ విద్యాశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాడు. థీసిస్ పూర్తయింది. గైడు ప్రొఫెసర్ ఉమారాణి ఆన్‌లైన్‌లో ఆమోదం నొక్కడం ఒక్కటే మిగిలింది. ఈ సాయంత్రంలోగా నొక్కకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. ఆవిడ ఫోన్ ఎత్తదు, మెసేజ్ చూడదు. అందుకే నేరుగా ఇంటికి వెళ్లి, ఆవిడను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి నొక్కించుకోవాలన్నది ఆ ఉదయం అతని పథకం.

పథకం చెడగొట్టింది అతని సాధనే. మర్రిగూడలో థీసిస్ గురించి మాట్లాడటానికి అతనికి ఒక్క మనిషి దొరకలేదు. స్టాఫ్‌రూములో ఆ మాటెత్తితే తోటి టీచర్లు గంట కొట్టకముందే క్లాసులకు పోయేవారు. పెళ్లి మాట డాక్టరేట్ అయ్యాక చూద్దామని అతనే అన్నాడు. ఇప్పుడు ఆ మాట ఎత్తేవాళ్లు కూడా లేరు. అందుకని కొన్నేళ్లుగా గైడు ప్రశ్నలు గైడు గొంతుతో తనే వేసుకుని, తన గొంతుతో జవాబు చెప్పుకుంటున్నాడు. చిన్నప్పటి నుంచి మిమిక్రీ అలవాటున్నవాడు కావడంతో ఆవిడ గొంతు అచ్చంగా దిగిపోయింది. రోజూ సాయంత్రం సుక్కమ్మ టీవీ సీరియల్ మోతలో ఆ సాధన బయటికి వినిపించేది కాదు. ఈ రోజు పొద్దున్నే మొదలుపెట్టాడు. టీవీ ఇంకా లేవలేదు.

"లోపల ఎవరూ లేరవ్వా. నేనే మాట్లాడుకున్న. పరీక్షకు ప్రాక్టీసు."

"ఏం ప్రాక్టీసో. 'ఏడేండ్లయింది, ఇంకెన్నొద్దులు నన్ను తిప్పుతవ్' అన్నది ఆమె. నా చెవులతోని ఇన్న."

"అది గైడు అడిగే మాట."

"'తిన్నవా సాగర్, ఇయ్యాల గూడ ఉత్త పచ్చిపులుసేనా, బక్కగైనవ్' అన్నది. గా మాట గూడ పరీక్షల అడుగుతరా?"

ప్రేమ్‌సాగర్ రెండో చెప్పు కోసం వెతుక్కున్నాడు. మొదట్లో ఆ గొంతు పరిశోధన పద్ధతి గురించే అడిగేది. ఎప్పటి నుంచో మరి, మధ్యలో తిన్నావా అనడం మొదలుపెట్టింది. ఎందుకలా అని అతను ఎప్పుడూ ఆలోచించలేదు. ఇప్పుడు కిటికీ ముందు పోగవుతున్న జనానికి ఆ సంగతి చెప్పడం కన్నా, లోపల ఆడమనిషి ఉందని ఒప్పుకోవడమే నయమనిపించింది.

ఆ మౌనమే కొంప ముంచింది. గొర్రెలు తోలుకుపోతున్న పక్కింటి భిక్షపతి కర్ర గోడకు ఆనించి తీర్పు చెప్పేశాడు.

"పాపం, సారు ఒంటిగ ఉంటున్నడని మనమే ఫికర్ జేస్తిమి. తప్పేమున్నది, ఇద్దరికీ లగ్గం జేద్దం. దావతుకు గొర్రెపోతు నాది."

"ఏడేండ్లు ఆమెను తిప్పినోనికి పోతు గూడనా," అంది సుక్కమ్మ.

"ఆయన కోసం గాదే. మనం తినొద్దా?"

కబురు స్కూలు దాకా పాకింది. పరీక్షల ముందు ఒక్క పూట కూడా సెలవు కుదరదని నిన్ననే చెప్పిన హెడ్మాస్టర్, పెళ్లి అనగానే వారం రోజులు మంజూరు చేసి, ఆ సంగతి స్టాఫ్ గ్రూపులో పెట్టాడు. ప్రేమ్‌సాగర్ పంపిన థీసిస్ అధ్యాయాలను ఒక్కరూ తెరవని ఆ గ్రూపులో పూలగుత్తులు వరదలా వచ్చిపడ్డాయి. అతను ఒక చెప్పుతోనే మంచం మీద కూర్చుని అవన్నీ చూశాడు. కొన్ని రెండోసారి కూడా చూశాడు.

ఇంతలో ఎవరో వంద నంబరుకు ఫోన్ చేశారు. ఆడమనిషిని గదిలో పెట్టి తాళం వేశారన్న కబురు మీద హెడ్ కానిస్టేబుల్ విజేందర్ బండి దిగాడు. తాళం తీయించి మంచం కింద చూశాడు. కాగితాల కట్టలున్నాయి. బీరువా వెనక చూశాడు. అక్కడా కాగితాల కట్టలే. ఆడమనిషి లేదు.

దాంతో వ్యవహారం ఇంకా ముదిరింది. ఇంతసేపూ పెళ్లికూతురైన మనిషి ఇప్పుడు కనపడకుండా పోయిన మనిషైంది. భిక్షపతి పోయి నీళ్ల డ్రమ్ములో తొంగి చూసి వచ్చాడు. రోడ్డు మీద హైదరాబాద్ బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్లిపోయింది.

"ఆమె పేరు జెప్పున్రి సార్," అన్నాడు విజేందర్.

ప్రేమ్‌సాగర్ పెదవి విప్పలేదు. ఈ గోల గైడు చెవిన పడితే ఆవిడ ఆమోదం ఈ జన్మలో నొక్కదు. విజేందర్ అతని చేతిలోంచి ఫోన్ తీసుకుని చూశాడు. కిందికి ఎంత జరిపినా ఒకటే నంబరు.

"ఇన్నిసార్లు జేసిన్రు. ఒక్కసారి గూడ ఎత్తలే."

"అలిగినట్టున్నది," అన్నాడు భిక్షపతి.

విజేందర్ తన ఫోన్ నుంచి చేశాడు. మొదటి రింగుకే ఎత్తారు. అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టాడు.

"హలో, ఎవరండీ?"

"గిదే," అంది సుక్కమ్మ. "నేనిన్నది గీ గొంతే."

"మర్రిగూడ నుంచి పోలీసు మేడమ్. ప్రేమ్‌సాగర్ అనేటాయన తెలుసా?"

"నా స్కాలర్. నా మీద ఏమైనా కంప్లైంట్ ఇచ్చాడా?"

"పొద్దుగాల మీరు ఆయన రూముల ఉన్నరని గీడ సాక్షి జెప్తాంది."

"నేను హైదరాబాద్‌లో మా ఇంట్లో ఉన్నాను. మా ఆయన పక్కనే ఉన్నారు, కావాలంటే అడగండి."

"మొగడు గూడ ఉన్నడా," సుక్కమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

"ఏడేండ్ల సంది నడుస్తాందట మేడమ్."

"ఆలస్యం నాదే, ఒప్పుకుంటాను. ఇదిగో, కంప్యూటర్ తెరుస్తున్నాను, ఇప్పుడే నొక్కేస్తాను. నా పేరు మాత్రం ఎక్కడా రాయకండి."

"రాయక తప్పది మేడమ్. సాక్షి గొంతు గుర్తువట్టింది."

ఇంకాసేపు నోరు మూసుకుని ఉంటే చాలు, ప్రేమ్‌సాగర్ డాక్టర్ అయిపోతాడు. కానీ మధ్యాహ్నానికల్లా ఆవిడ పేరు ఊళ్లో ప్రతి ఫోన్లోనూ తిరుగుతుంది. అతను లేచాడు.

"రాయకున్రి సార్," అని గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. తర్వాత ఉమారాణి గొంతు గదిలో పలికింది. "తిన్నవా సాగర్? బక్కగైనవ్."

ఎవరూ కదల్లేదు. భిక్షపతి మాత్రం వంగి, మంచం కింద ఇంకోసారి చూశాడు.

ఫోన్లో అసలు గొంతు వచ్చింది. "నేను ఎప్పుడైనా అట్లా అడిగానా?"

"లేదు మేడమ్. ఆ మాట నేనే కలుపుకున్న."

ఫోన్ కట్ అయింది. ఏడేళ్లూ అక్కడే తెగిపోయాయనుకున్నాడు ప్రేమ్‌సాగర్. జనం ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా నిలబడ్డారు. అప్పుడు అతని ఫోన్ మోగింది. యూనివర్సిటీ నుంచి మెసేజ్. గైడు ఆమోదించారు. గైడు వ్యాఖ్యలు రాయాల్సిన చోటు ఎప్పటిలాగే ఖాళీగా ఉంది.

విజేందర్ రిపోర్టు కాగితం తీశాడు. "వంద నంబరుకు వచ్చిన కాల్ ఇది, ఏదో ఒకటి రాసి మూసెయ్యాలె సార్. పొద్దుగాల రూముల మాట్లాడిన ఆడమనిషి పేరు?"

"ప్రేమ్‌సాగర్," అన్నాడతను, వాకిట్లో చివరి మనిషి దాకా వినపడేలా.

కాగితంలో ఇంట్లో ఉండేవాళ్లు ఎందరన్న చోట విజేందర్ అడగకుండానే 'ఒకటి' అని రాసుకున్నాడు.