సారంగపాణి చేతి మీది గీత

ఆ రోజు పొద్దున సారంగపాణి వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య రాజేశ్వరి లేవకముందే లేవాలి. ఎడమ చేతి కట్టు విప్పాలి. చర్మం మీద బాల్‌పెన్నుతో గీసి ఉన్న గీతను చెరిపేసి, దాని స్థానంలో ఇంకాస్త పెద్దది గీయాలి. మళ్ళీ కట్టు కట్టుకొని, ఏమీ ఎరగనట్టు పడుకోవాలి. గత రెండు రోజులుగా అతను చేస్తున్నది ఈ పనే.

కొత్తవాడలో జంపఖానాల నూలుకు రంగు వేసేవాళ్ళలో సారంగపాణిది పెద్ద పేరు. "గుడ్డ చినుగుతది గని నా ఎరుపు పోదు" అని అతను చెప్పుకోని రోజు లేదు. మరిగే తొట్టి ముందు ఇరవై ఏళ్ళుగా నిలబడుతున్న మనిషి. నాలుగు రోజుల కింద నూలు తిప్పుతుంటే వేడినీళ్ళు చింది మణికట్టు మీద రూపాయి బిళ్ళంత కాలింది. పక్కింటి సమ్మమ్మ పరుగున వచ్చి టూత్‌పేస్టు పూసింది. రాజేశ్వరి అది చూసి, మొగుణ్ణి వాడకట్టు చివర ఉన్న చిన్న దవాఖానకు లాక్కుపోయింది. అక్కడి సిస్టరు శకుంతల పేస్టంతా కడిగి, శుభ్రమైన కట్టు కట్టేముందు, పుండు చుట్టూ ఎర్రబడినంత మేర ఒక గీత గీసింది.

"వారం దాక రంగు పని బంద్. రోజు కట్టు మార్చి చూడుండ్రి. చీము పట్టినా, వాసనొచ్చినా, నొప్పి పెరిగినా, జ్వరమొచ్చినా నా దగ్గరికి రావాలె. ముఖ్యంగ ఎరుపు ఈ గీత దాటొద్దు. దాటితే ఆ గంటనే రాండ్రి" అంది.

రాజేశ్వరి అదంతా కంఠతా పట్టింది. సారంగపాణికి మాత్రం సిస్టరు అనని మాట ఒకటి వినబడింది. దాటితే సూది. మరిగే నీళ్ళకు బెదరని ఆ మనిషికి సూది పేరెత్తితే చాలు, కాళ్ళు చల్లబడతాయి.

మూడోనాడు ఎరుపు గీత దాటింది. సబ్బుతో గీత తుడిచేసి, కాస్త ఎడంగా కొత్తది గీసుకున్నాడు. నాలుగోనాడు ఎరుపు దాన్నీ దాటింది. ఇంకొకటి గీశాడు. ఆ రోజు రాజేశ్వరి అతని చెయ్యి పట్టుకొని చాలాసేపు చూసింది.

"గీత పెద్దగైనట్టు లేదా?"

"చెయ్యి వాచింది గద. దాంతోని గీత గూడ వాచింది."

ఆమె ఆ గీతను వేళ్ళతో కొలుచుకొని, కట్టు కట్టింది. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

ఇక ఈ అయిదోనాడు కట్టు విప్పి చూస్తే ఎరుపు ముంజేతి సగానికి ఎక్కి ఉంది. అంత పెద్ద గీత గీస్తే అది గీతలా ఉండదు, జిల్లా పటంలా ఉంటుంది. చెయ్యి గుండెలా కొట్టుకుంటోంది, ఒంట్లో సన్నగా చలి. సారంగపాణికి దడ పుట్టింది. అయినా సూది దడ దానికంటే పెద్దది. పాలకు పోతున్నానని చెప్పి రంగుల కార్ఖానాకు పోయాడు. పుండును వదిలి, ఎరుపు హద్దు కనబడకుండా చుట్టూ మోచేతి దాకా గుడ్డతో ఎర్రరంగు పులుముకొని వచ్చాడు.

"తొట్టి కాడ జర రంగు పడ్డది" అన్నాడు రాజేశ్వరితో.

"పడ్డదా, పూసినవా?"

"పడ్డది."

"నాకు రంగు తెల్వదా? అది రంగే. దాని కింద ఎరుపు ఏడి దాక పోయిందో, అది చెప్పు."

సారంగపాణి చెయ్యి వెలుగులోకి తిప్పి చూసుకున్నాడు. ఇరవై రకాల ఎరుపులను విడదీసి చెప్పగలిగిన కన్ను అతనిది. ఆ కంటికి ఇప్పుడు చెయ్యంతా ఒకటే ఎరుపు. అసలు హద్దు ఎక్కడుందో అతనికీ తెలియదు.

రాజేశ్వరి అతన్ని మళ్ళీ చిన్న దవాఖానకు లాక్కుపోయింది. శకుంతల చెయ్యి చూసి కుర్చీలోంచి లేచి నిలబడింది.

"మోచేతి దాక ఎక్కిందే. ఏం చేస్తాన్రు ఇన్ని దినాలు?"

"అది రంగు, సిస్టరమ్మా" అన్నాడు సారంగపాణి నీరసంగా.

ఆమె దూదిని స్పిరిటులో ముంచి గట్టిగా రుద్దింది. దూది తెల్లగానే ఉంది. మళ్ళీ రుద్దింది. ఇరవై ఏళ్ళ పేరు ఇసుమంతైనా చెదరలేదు. సిస్టరు పెద్ద దవాఖానకు చిట్టీ రాసి, రిక్షా పిలిచి, తనూ ఎక్కింది.

పెద్ద దవాఖాన వరండాలో పక్కన కూర్చున్న ముసలాయన ఒకడు ఆ చెయ్యి చూసి, జాలిగా తలాడించాడు.

"మా బామ్మర్దికి గిట్లనే మోచేతి దాక ఎర్రబడ్డది. ఆడికే చెయ్యి తీసేసిన్రు."

తడిసిన నూలు ఒంటి చేత్తో ఎత్తేది కాదు. సారంగపాణికి ఆ క్షణాన సూది గుర్తు లేదు. తన చెయ్యి తనకు కావాలి, అంతే. రాజేశ్వరి అతని రెండో చెయ్యి పట్టుకొని, వదలకుండా కూర్చుంది.

డాక్టర్ రాంచందర్ స్పిరిటుతో రుద్దాడు, సబ్బుతో రుద్దాడు. ఏమీ ఊడిరాలేదు.

"రంగంటున్నవు. ఇంత పక్కా రంగు ఉంటదా?"

"కచ్చా రంగే సార్. నాసి రంగు. ఇంకింత గట్టిగ రుద్దితే పోతది" అన్నాడు సారంగపాణి, బతుకులో మొదటిసారి తన సరుకును తానే తిట్టుకుంటూ. తర్వాత గీతలు చెరిపి గీసిన సంగతంతా చెప్పేశాడు. రాజేశ్వరి గోడకేసి చూస్తూ విన్నది.

డాక్టరు కళ్ళు మూసుకున్నాడు. తన అరచేతి వెనక భాగాన్ని సారంగపాణి భుజం నుంచి మెల్లగా కిందికి జరిపాడు. మోచెయ్యి చల్లగా ఉంది. ఇంకా కిందికి జరిపాడు. నాలుగు వేళ్ళ దూరంలో ఆగి, అక్కడ నొక్కాడు. సారంగపాణి పెట్టిన కేకకు వరండా ముసలాయన తొంగి చూశాడు.

"వేడి ఈడి దాకనే. పుండు పాడైంది, చీమున్నది, జ్వరం నూటొకటి. చెయ్యి మాత్రం ఏడికీ పోదు, ఫికర్ చేయకుండ్రి."

అంతదాకా బిగబట్టుకున్న రాజేశ్వరి అప్పుడు ఏడ్చింది. సారంగపాణి కళ్ళు కూడా తడిశాయి.

"గీత దాటిన నాడే వస్తే గోళీలతోని పోతుండె గద" అంది శకుంతల.

"గోళీలా?" అన్నాడు సారంగపాణి. ఆ మాట అతనికి రెండు రోజుల ముందు ఎవరైనా చెప్పవలసింది.

"ఇప్పుడు పొద్దుమాపు సూది, అయిదు దినాలు" అన్నాడు డాక్టరు. "మందు పడుతదో లేదో చూసేటందుకు ముందుగాల చిన్న సూది ఒకటి."

"పదకొండు" అంది రాజేశ్వరి కళ్ళు తుడుచుకుంటూ. ఆమె గొంతులో బాధ కంటే తృప్తి ఎక్కువగా ఉంది.

చిన్న సూదికి అతను కళ్ళే తెరవలేదు. అది పడుతుందని తేలాక బోర్లా పడుకొని, పళ్ళు బిగించి, తెలిసిన దేవుళ్ళనందరినీ తలుచుకున్నాడు.

"లెవ్వు" అంది శకుంతల.

"ఏమైంది, మందు లేదా?"

"అయిపోయింది."

సారంగపాణి లేచి కూర్చున్నాడు. ఎవరో తనను నిండా మోసం చేసినట్టు అనిపించింది. ఇంత చిన్నదానికా చెయ్యి పోగొట్టుకోబోయాడు?

పుండు మానిన తర్వాత కొత్తవాడలో ఎవరికి ముక్కు కారినా, గోళీలతో ఏమైతది, ఒక సూది ఏయించుకోమని ఇంటికెళ్ళి మరీ చెప్పి వచ్చేవాడు సారంగపాణి.