సగంలో ఆగిన జెండా

ఆదివారం ఉదయానికి, చర్చి పనులు చూసే ఐనార్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి చర్చి ముందు ఇంద్రధనుస్సు జెండా ఎగరేయాలి, ఇంటికెళ్లి కాఫీ తాగాలి. స్వలింగ ప్రేమికులకూ ట్రాన్స్‌జెండర్లకూ మా తలుపులు తెరిచే ఉంటాయని, డెన్మార్క్ పడమటి తీరంలోని ఆ ఊరి చర్చి సంఘం కిందటి వారమే తీర్మానించింది. జెండా అందుకే.

అదే సమయంలో, చర్చిలో ఆర్గాన్ వాయించే తోర్వాల్ ఇంట్లో భీష్మించుకుని కూర్చున్నాడు. అతనూ విల్లడ్స్ ముప్పై నాలుగేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నారు. విల్లడ్స్ అద్దెకుంటున్నాడని ఊరికి చెప్పారు. చర్చిలో ఒకరు ఆర్గాన్ దగ్గర, ఇంకొకరు చిట్టచివరి వరసలో.

"ఆ జెండా కింద వాయిస్తే అందరి కళ్లూ మనమీదే. నేను రాను పో!"

"ఒక్కసారి నీ పక్కన బెంచీ మీద కూర్చోవాలనుందయ్యా. ఇంకెప్పుడు, పోయాకా?" అన్నాడు విల్లడ్స్.

చర్చి దగ్గర తాడు కప్పీలో ఇరుక్కుంది. జెండా సగంలో ఆగి పైకీ పోదు, కిందికీ రాదు. ఐనార్ తిట్టుకుంటూ నిచ్చెన కోసం వెళ్లాడు. ఆ ఊళ్లో చర్చి జెండా సగంలో ఉందంటే ఎవరో పోయారని అర్థం. సమాధి చేశాకే అది పైకెక్కుతుంది.

బేకరీకి బయల్దేరిన సంఘం అధ్యక్షురాలు గుడ్రున్ అది చూసి నిలబడిపోయింది. ప్రతి ఆదివారం ఎనిమిదిన్నరకల్లా సాధనకి మోగే ఆర్గాన్ మోగలేదు. పైగా రంగురంగుల జెండా! ఇంకెవరని అడగాలా, తోర్వాలే! ఏడుస్తూ బేకరీలో చెప్పింది. బేకరీలో చెబితే ఊరంతా చెప్పినట్టే.

తొమ్మిదింటికి విల్లడ్స్ తలుపు తీసేసరికి వాకిట్లో ఇరవై మంది, చేతుల్లో పూలూ వెన్న బన్నులూ. గుడ్రున్ అతన్ని వాటేసుకుని బావురుమంది.

"ఎంత కష్టమొచ్చింది విల్లడ్స్! ముప్పై నాలుగేళ్ల కాపురం!"

"ఏ... ఏ కాపురం?"

"మా దగ్గర దాపరికం ఎందుకయ్యా? శవపేటిక పక్కన చోటు నీదే. కట్టుకున్నవాడివి, నువ్వు కాక ఇంకెవరు కూర్చుంటారు?"

లోపల్నుంచి తోర్వాల్ పైజామాతో, నోట్లో బ్రష్షుతో వచ్చాడు. గుడ్రున్ చేతిలో పూలు జారిపడ్డాయి.

"మా సంగతి తెలుసా? అందరికీనా?" అన్నాడు నురగ మింగుతూ.

"మా అమ్మక్కూడా తెలుసు," అన్నాడు బేకరీ యజమాని. "ఆవిడ పోయి పదేళ్లయింది."

తోర్వాల్ గడపమీద కూలబడ్డాడు. ఇన్నేళ్లూ ఎవరికి భయపడ్డాడో వాళ్లే బన్నులు పట్టుకుని నిలబడ్డారు. కళ్లు తుడుచుకుని, అందరి ముందూ విల్లడ్స్ చెయ్యి పట్టుకున్నాడు.

"కోటు వేసుకో. నా స్వరాల పుస్తకం పేజీలు నువ్వే తిప్పాలి."

పదింటికి ఆర్గాన్ మోగింది. పక్కన బెంచీ మీద విల్లడ్స్ రెండుసార్లు తప్పు పేజీ తిప్పాడు, తోర్వాల్ నవ్వుతూ చూడకుండానే వాయించేశాడు. బయట ఐనార్ ఎట్టకేలకు తాడు విడిపించి జెండాను కొసదాకా ఎక్కించాడు.

ఊరి ఆచారం ప్రకారం అంత్యక్రియలు ముగిసినట్టే. పోయినవాడే దగ్గరుండి ఆర్గాన్ వాయించుకున్నాడు.